పేరు రాయని గొంతు

మా పార్లమెంటులో ఒక ఆచారం ఉంది. సభలో ఉన్నవాళ్ళంతా ఒప్పుకుంటే ఎంత పెద్ద బిల్లునైనా అక్కడికక్కడే గట్టెక్కించేయొచ్చు. చర్చ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. స్పీకరు "అందరికీ సమ్మతమేనా?" అని అడుగుతాడు. సమ్మతమే అంటే పని అయిపోయినట్టే. ఒక్కరు "నో" అన్నా అంతే సంగతులు. ఆ ఒక్కరూ లేచి నిలబడక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. సభ నివేదికలో పేరు కూడా వేయరు. "కొందరు సభ్యులు: నో" అని అచ్చేసి ఊరుకుంటారు. తప్పుడు పనికి ఇంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ జూన్ నెలలో అలా నో అన్నది నా మొగుడు.

వేసవి సెలవులకి సభ మూసేసే రోజది. రాజధాని ఒట్టావాలో, సభ పైన గ్యాలరీలో, నేనూ మా అక్క హెల్వీ పక్కపక్కన కూర్చున్నాం. అక్క చర్చికి వేసుకెళ్ళే నీలం గౌనులో వచ్చింది. కింద జరగబోయేది ఆమె కొడుకు పేరున్న బిల్లు మరి. ఏరో అంతకు ముందు చలికాలం హాకీ ఆడి కారులో ఇంటికొస్తూ, మా టార్బెట్ ఊరి చివర రైలు పట్టాల దగ్గర పోయాడు. అక్కడ గేటు లేదు, ఎర్ర దీపం లేదు. రెండు చెక్కలు అడ్డంగా కొట్టిన గుర్తు ఒకటుంది, మంచు పడితే అదీ కనపడదు. స్కూలు బస్సులు తిరిగే ప్రతి రోడ్డు మీదా రైలు పట్టాలకి గేట్లు పెట్టాలన్నదే ఆ బిల్లు.

దాన్ని తెచ్చింది మా ఆయన గార్నెట్ కాదు, ప్రతిపక్షం ఆవిడ. ఒడెట్ మార్షిల్డన్ అని, క్యుబెక్ నించి గెలిచింది. మామూలు సభ్యులు సొంతంగా బిల్లు పెట్టాలంటే మా దగ్గర లాటరీ తీస్తారు. ఒడెట్ పేరు ముందు వచ్చింది, గార్నెట్ పేరు ఎక్కడో అడుగున పడింది. ఆవిడ అక్కకి ఫోన్ చేసి, మీ అబ్బాయి పేరు పెట్టుకోవచ్చా అని అడిగింది. అక్క మా ఆయన్ని సలహా అడిగింది. "పెట్టుకోనీ వదినా. పార్టీలు వేరైతే ఏం, నా ఓటు దానికే" అన్నాడు, మా వంటింట్లో, నా ఎదురుగా.

మా ఆయన పార్టీ గద్దె మీద ఉందిగానీ సొంత బలం చాలదు. మిగతా రెండు పార్టీలూ కలిస్తే ఏ ఓటులోనైనా ఓడిపోతుంది. కాబట్టి వంతు వస్తే బిల్లు నెగ్గేదే. వంతే రాలేదు. ప్రభుత్వం వాళ్ళు రోజూ ఏదో ఒక పని ముందుకి తోసి దాన్ని వెనక్కి నెట్టారు. ఇక ఎన్నికలొస్తాయని గుసగుసలు. సభ రద్దయితే సగంలో ఉన్న బిల్లులన్నీ చచ్చిపోయినట్టే లెక్క. అందుకని ఒడెట్ చివరి రోజున లేచి అందరి సమ్మతి కోరింది.

"సమ్మతమేనా?" అన్నాడు స్పీకరు.

సభంతా సమ్మతమే అంది. నేను విన్నాను, ఎదురు వరసలు రెండూ అన్నాయి. ఆ తర్వాత ప్రభుత్వం వైపు వెనక బల్లల్లోంచి ఒక నో వచ్చింది. గట్టిగా కూడా కాదు. కుక్క సోఫా ఎక్కబోతే అనే నో. పిల్లలు చిన్నప్పుడు ఇంకో ఐస్‌క్రీమ్ అడిగితే అనే నో. ముప్పై ఏళ్ళుగా నా ఇంట్లో తిరుగుతున్న నో. చూస్తే గార్నెట్ బల్ల కిందకి వంగి ఏదో వెతుక్కుంటున్నాడు.

"సమ్మతి లేదు" అని స్పీకరు ఇంకో పనిలోకి వెళ్ళిపోయాడు.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమన్నాడే? పాసైందా?"

"లేదక్కా" అన్నాను.

బయట వరండాలో ఒడెట్ అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. ఎప్పుడూ ఏడ్చే మనిషిలా కనపడదు. గార్నెట్ వచ్చి అక్క భుజం మీద చెయ్యేసి, "ఊరుకో వదినా, ఇంతటితో అయిపోలేదు" అన్నాడు. ఆ చెయ్యి నరికేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. కానీ అక్కడ కెమెరాలున్నాయి, అక్క ఉంది, నేను పళ్ళు బిగబట్టి కోటు తొడుక్కున్నాను.

టార్బెట్‌కి కారులో పొద్దంతా ప్రయాణం. గార్నెట్ నడుపుతున్నాడు, నేను పక్కన, అక్క వెనక.

"ఎవడై ఉంటాడు గార్నెట్?" అంది అక్క.

"గోలలో ఎవరికి తెలుస్తుంది వదినా."

"మీ వైపు నించే వచ్చింది. నీ చుట్టుపక్కలే."

"అటు ప్రతిధ్వని వస్తుంది. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పలేం."

"వాడికీ పిల్లలుంటారు కదా" అంది అక్క. "రేపు ఇంటికెళ్ళి వాళ్ళతో కలిసి అన్నం తింటాడు కదా. ఎలా దిగుతుందో గొంతులో."

ఆయన వైపర్లు వేశాడు. వాన లేదు.

పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అక్క కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది. తలుపు పడగానే అన్నాను: "నువ్వేగా."

నేనేంటి అని ఎదురడగలేదు. "ఇప్పుడు కాదు ఐలీ" అన్నాడు.

"ఇప్పుడే."

"ఎవరో ఒకరు అనాలి. స్ప్రౌల్ నన్ను అనమన్నాడు."

స్ప్రౌల్ వాళ్ళ పార్టీ విప్. ఎవరు ఎటు ఓటెయ్యాలో, ఎవరికి ఏ గది ఇవ్వాలో, ఎవరు ఏ కమిటీలో కూర్చోవాలో అన్నీ అతని చేతిలోనే. మా పెళ్ళిరోజుకి పూలు పంపించే మనిషి.

"అంతమంది ఉండగా నువ్వే దొరికావా?"

"నేనైతే ఎవరికీ అనుమానం రాదని. పైగా..." నీళ్ళు నమిలాడు. "నేను ఇది చెయ్యగలిగితే ఇంక దేనికైనా నన్ను నమ్మొచ్చని."

"సొంత వదినకి గొయ్యి తవ్వితే అక్కడ నీ మీద నమ్మకం పెరుగుతుందా?"

"అది ఒడెట్ బిల్లు ఐలీ. అది నెగ్గితే ఉత్తరాది సీట్లన్నీ వాళ్ళవే. సెప్టెంబర్లో మా ప్రభుత్వమే బిల్లు తెస్తుంది, ఇంతకంటే మంచిది. స్ప్రౌల్ మాటిచ్చాడు. గేట్లు అవే గేట్లు. ఎవరు పెడితే ఏం?"

"ఎవరు పెడితే ఏం అని నువ్వంటున్నావా?"

ఆయన కొట్టు తలుపు వైపు చూశాడు. "అక్కకి నువ్వే చెప్పు" అన్నాను. "చెప్తా. కొంచెం టైమివ్వు" అన్నాడు.

అక్క మూడు కాఫీలతో వచ్చింది. ఆయన కోసం ఒక డోనట్ కూడా తెచ్చింది. "పొద్దున్నించీ ఏమీ తిన్లేదు నువ్వు. నా కోసం తిరిగి తిరిగి చిక్కిపోయావ్" అని ముందు సీటుకి అందించింది.

తిన్నాడు. వేళ్ళకంటిన చక్కెర కూడా తుడుచుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

జులైలో ఆయనకి పదోన్నతి వచ్చింది. రవాణా మంత్రికి సభలో సహాయకుడు. రైళ్ళు ఆ శాఖ కిందకే వస్తాయి. చేసిన పనికి కూలి ఏ గల్లాలోంచి ఇచ్చారో చూడండి. మా వాళ్ళంతా సరస్సు ఒడ్డున మా క్యాంపుకి, అదే మా వేసవి మకాంకి వచ్చారు. ఆవిరి స్నానానికి సౌనా గది వేడి చేశాం, పికరెల్ చేపలు వేయించాం. అక్క అందరికంటే సంతోషంగా ఉంది.

"ఇంకేం, గేటు నీ చేతిలోకే వచ్చింది" అంది, ఆయన పళ్ళెంలో ఇంకో చేప వేస్తూ.

"చూద్దాం వదినా."

"చూద్దాం ఏంటి? ఆ ఒడెట్‌ని నమ్ముకున్నందుకు నాకు బుద్ధొచ్చింది. వాళ్ళ పార్టీవాడే నో అన్నాట్ట కదా, మీ వైపు నించి వినపడింది ఉత్త ప్రతిధ్వనేనట. ఎన్నికల్లో చెప్పుకోవడానికి ఓ గొడవ కావాలని."

నేను చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. "ఎవరన్నారక్కా?"

"మీ ఆఫీసు మార్లా చెప్పింది."

మార్లా గార్నెట్ ఎన్నికల పనులన్నీ నడిపించే మనిషి. ఆయన వైపు చూశాను. చేప ముల్లు తీసుకుంటున్నాడు, ప్రపంచంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు. ఒడెట్ తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే అక్క ఆవిణ్ణి నానా మాటలూ అని పెట్టేసిందట. ఆవిడ మారు మాట్లాడకుండా విందట.

అందరూ వెళ్ళాక రేవు చెక్కల మీద నిలబడి అడిగాను. "ఇది కూడా స్ప్రౌల్ చెప్పిందేనా?"

"మార్లా అత్యుత్సాహం. నాకు తెలీదు."

"తెలిశాకైనా కాదని చెప్పొచ్చుగా."

"కాదంటే మరి ఎవరని అడగరా?" అన్నాడు. "బిల్లు రానీ ఐలీ. చేతిలో బిల్లు పెట్టి చెప్తే ఆమెకంత బాధుండదు."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నేను కాస్త నమ్మాను. గేటు వస్తే మిగతాదంతా ఎలాగో సర్దుకుంటుందని నాకూ ఉంది. అక్కకి కావలసింది కూడా గేటే.

ఆగస్టులో నేనూ అక్కా ఆమె ఇంటి వెనక బ్లూబెర్రీలు కోస్తున్నాం. వంటింటి కిటికీలోంచి రేడియో వినిపిస్తోంది. ప్రధాని గవర్నర్ జనరల్ దగ్గరికి వెళ్ళి సభ రద్దు చెయ్యమని అడిగాడట. అక్టోబర్లో ఎన్నికలు. సర్వేల్లో వాళ్ళ పార్టీ పైకి లేచిందని, వేడి మీద ఉండగానే వెళ్తున్నారని చెప్పారు.

అక్క బకెట్ కింద పెట్టింది. "మరి గార్నెట్ బిల్లు?"

"అది అసలు పుట్టనేలేదక్కా."

"సెప్టెంబర్లో తెస్తానన్నాడే."

"సెప్టెంబర్లో సభే ఉండదు."

ఆమె బకెట్లోంచి ఒక ఆకు ఏరి పారేసింది. "పాపం, ఆయన్ని కూడా మోసం చేశారన్నమాట" అంది. వాళ్ళు అక్కడ సభలో ఒకళ్ళ మీద ఒకళ్ళు బల్లలు గుద్ది అరుచుకుంటారు, సాయంత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుని తాగుతారు. అదంతా నేను కళ్ళారా చూశాను, నవ్వుకున్నాను కూడా. కానీ ఇక్కడ చేతులకి నీలం మరకలతో నిలబడి నా మొగుడి మీద జాలిపడుతున్న మా అక్క వాళ్ళ ఆటలో లేదు. ఆమెని ఎవరూ ఆడతావా అని అడగలేదు.

సెప్టెంబర్ వచ్చేసరికి మా గ్యారేజీ నిండా ఆయన పేరున్న బోర్డులు. మార్లా నన్ను పట్టుకుంది.

"ఐలీ గారూ, కర్లింగ్ ఆట క్లబ్బులో మొదటి సభ. హెల్వీ గారు వేదిక మీద సార్ పక్కన నిలబడతారు. ఏరో ఫొటో పెద్దది చేయిస్తున్నాం. ఆవిడ ఒప్పుకున్నారు. మీరు పక్కనుంటే ఆవిడకి ధైర్యంగా ఉంటుంది."

గార్నెట్ లోపల బోర్డులకి మేకులు కొడుతున్నాడు. వెళ్ళి సుత్తి లాక్కున్నాను.

"ఏరో ఫొటో పక్కన నువ్వు నిలబడతావా?"

"నేను అడగలేదు. వదినే వస్తానంది."

"ఈ పూట వెళ్ళి చెప్పు."

"ఎన్నికలయ్యాక చెప్తా. ఒట్టు. ఇప్పుడు చెప్తే నేను ఓడిపోతాను. నేను ఓడిపోతే ఆ గేటు గురించి అడిగే దిక్కెవరు? అది ఆలోచించావా?"

ఆయన ముఖం చూశాను. అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. అదే నాకు భరించరానిదైంది. అబద్ధమాడేవాణ్ణయితే ఏదో ఒక రోజు పట్టుకోవచ్చు. సుత్తి బల్ల మీద పెట్టి నడుచుకుంటూ అక్క ఇంటికి వెళ్ళాను.

ఆమె సభకి వచ్చేవాళ్ళ కోసం పుల్లా రొట్టె చేస్తోంది. యాలకుల వాసన వీధిలోకొస్తోంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. గొంతు పోల్చుకున్న సంగతీ, పెట్రోలు బంకు దగ్గర ఆయన ఒప్పుకున్న సంగతీ, స్ప్రౌల్ సంగతీ, అన్నీ. జడలా అల్లుతున్న పిండిని ఆమె చివరిదాకా అల్లింది. అంచులు లోపలికి మడిచి గుడ్డ కప్పింది.

"డోనట్ కొనిపెట్టాను వాడికి" అంది.

"అవునక్కా."

"ఒడెట్‌ని ఎన్ని మాటలన్నానో." చేతులు కడుక్కుంది. "సభ ఎప్పుడు?"

"రేపు సాయంత్రం. నువ్వు రానక్కర్లేదు. ఒంట్లో బాగాలేదని నేను చెప్తాను."

"నాకేం, బానే ఉంది" అంది అక్క. "ఇవాళ ఇక్కడే పడుకో."

పడుకున్నాను. మర్నాడు ఆమె ఆ నీలం గౌనే వేసుకుంది. ఏం చెయ్యబోతోందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

క్లబ్బు నిండిపోయింది. మిల్లువాళ్ళు, రైల్వేవాళ్ళు, ఏరోతో ఆడిన కుర్రాళ్ళు. గార్నెట్ బాగా మాట్లాడతాడు, ఆ రోజూ బాగానే మాట్లాడాడు. మన ఊరి పిల్లల ప్రాణాలతో ఒట్టావాలో పార్టీలు ఆటలాడుకున్నాయన్నాడు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. తర్వాత "మా వదిన" అని మైకు అక్క చేతికిచ్చాడు.

అక్క ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. గడ్డానికి ఆనించి పట్టుకుంది.

"మా ఏరో బిల్లుకి నో అన్నది గార్నెట్" అంది. "ఎందుకో ఆయన చెప్తాడు."

మైకు తిరిగి ఆయన చేతిలో పెట్టి మెట్లు దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను, మంచుముక్కలా ఉంది.

గార్నెట్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. మార్లా పక్కనించి సైగలు చేస్తోంది. కాదంటాడేమో అనుకున్నాను. అన్నా నమ్మేవాళ్ళుండేవారు, నివేదికలో పేరు లేదు కదా. ఆయన నా వైపు చూశాడు.

"అది పార్టీ నిర్ణయం" అన్నాడు. "నన్ను అనమన్నారు."

ఎవరూ కేకలెయ్యలేదు. ఒకరొకరే లేచి కోట్లు వెతుక్కున్నారు. పుల్లా అలాగే మిగిలిపోయింది.

ఇక్కడితో ఆయన ఓడిపోయాడని చెబితే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. ఓడిపోలేదు. మెజారిటీ సగానికి పడింది, అంతే. మా ఊళ్ళో ఓట్లు పోయాయిగానీ, నియోజకవర్గంలో మా ఊరొక్కటే ఉందా? ఫలితాల మర్నాడు దుకాణంలో పాత డ్రైవరు బెర్ట్ నన్ను పలకరించాడు.

"ఏమనుకోకు ఐలీ. నేను మీ ఆయనకి వెయ్యలేదు. పార్టీకి వేశాను."

"బోర్డు మీద మా ఆయన పేరే ఉంది కదా బెర్ట్."

"ఉంటే? అవతలి వాళ్ళొచ్చినా చేసేది ఇదేగా."

నన్ను ఓదారుస్తున్నాననుకున్నాడు. పాలడబ్బా అక్కడే వదిలేసి వచ్చేశాను. ఇంట్లోంచి నా బట్టలు, కుట్టుమిషను అక్క ఇంటికి తెచ్చేసుకున్నాను. గార్నెట్ ఫోన్ చేసి, జనం క్షమించారు, నీకేమైంది అన్నాడు. జనం ఎవర్నీ క్షమించలేదని, వాళ్ళ పార్టీకి వేసుకున్నారని చెప్పి పెట్టేశాను.

అక్క మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. ఒడెట్‌కి ఫోన్ చేసి క్షమించమంది. ఆవిడా మళ్ళీ గెలిచింది, మళ్ళీ ప్రయత్నిస్తానంది. ఆ తర్వాత అక్క స్కూలు దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిణ్ణి అడిగి, "ఆగు" అని రాసిన పలక ఒకటి తెచ్చింది. స్కూలు బస్సులు వచ్చిపోయే వేళల్లో పట్టాల దగ్గర నిలబడటం మొదలెట్టింది. రైలు కూత వినపడగానే పలక ఎత్తుతుంది. కొన్నాళ్ళకి ఏరోతో ఆడిన కుర్రాళ్ళు వచ్చారు, తర్వాత ఇంకొందరు. బెర్ట్ కూడా వచ్చాడు. వంతులేసుకున్నాం.

పోలీసు అబ్బాయి జీపు దిగి గొణిగాడు. "ఇలా నిలబడకూడదమ్మా. చట్టం ఒప్పదు."

"ఏ చట్టం బాబూ?" అంది అక్క. "అది పాస్ కాలేదుగా."

అతను జీపెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత రాలేదు.

నవంబర్లో మొదటి మంచు పడిన సాయంత్రం నా వంతు. కూత వినపడింది. పలక ఎత్తాను. పట్నం వైపు నించి వస్తున్న కారు నా ముందు ఆగింది. గార్నెట్. కొత్త సభలో ప్రమాణం చేసి వస్తున్నాడు. అద్దం దించాడు.

"ఎక్కు ఐలీ. వణికిపోతున్నావ్."

"రైలొస్తోంది."

"విను. కొత్త సభలో గేట్ల బిల్లు మాదే. ఈసారి ఖాయం. స్ప్రౌల్ స్వయంగా చెప్పాడు."

సరుకుల రైలు మా ముందు నించి పోవడం మొదలెట్టింది. కలప బళ్ళు, నూనె ట్యాంకులు. నేను అరిచి అడగాల్సి వచ్చింది.

"ఒడెట్ మీకంటే ముందు తెస్తే? అప్పుడు ఏమంటావ్?"

ఆయన ముందున్న బళ్ళ వైపు చూశాడు. ఒక్క మాట చాలు. ప్రచారంలో ఊరూరా చెప్పినన్ని మాటలక్కర్లేదు. ఆ ఒక్కటీ అంటే నేను కారెక్కేదాన్నేమో, ఏమో.

"స్ప్రౌల్‌తో మాట్లాడాలి" అన్నాడు.

చివరి పెట్టె వెళ్ళిపోయింది. చప్పుడు అడవిలోకి పోయి ఆగిపోయింది. పట్టాల మీద ఏమీ లేదు, అవతల రోడ్డు ఖాళీ. ఆయన వెనక ఇంకో రెండు కార్లు వచ్చి నిలబడ్డాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. గార్నెట్ గేరు వేశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ గేరు తీసేశాడు.

నేను పలక దించలేదు.